ఇప్పనూనె తాగిన ఇంజను

రిటైరైన ఫిట్టరు పెన్ను పట్టుకుంటే బొగ్గు బావుల గురించి, ఇల్లంత డంపర్ల గురించి రాస్తాడనుకుంటారు. కొత్తగూడెం వర్క్‌షాపులో గడిచిన నా సర్వీసులో అలాంటివి బోలెడున్నాయి. పెళ్లిళ్లలో, దినాల్లో, టీకొట్ల దగ్గర చెప్పీ చెప్పీ వాటిలో పస పోయింది. "ఒకసారి ఏమైందంటే" అని నేను మొదలుపెట్టగానే మా ఇంట్లో ఒక్కొక్కరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఉద్యోగం అయిపోయాక చేసిన పని ఇది. మస్టరు లేదు, జీతం లేదు, నెత్తిమీద ఇంజనీరు లేడు. అయినా నా పనితనం గురించి ఎవరైనా మాటెత్తితే ముందు ఇదే గుర్తొస్తుంది. ఆ పూట అన్నం సయించదు.

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను. మీరు ల్యాప్‌టాప్ తగిలించి ఇంజను జబ్బు కనిపెడతారట. సంతోషం. ఇందులో మీకు పనికొచ్చే కిటుకేదైనా ఉంటుందని ఆశపడకండి. ఉంటే నేనే వాడుకునేవాణ్ణి.

రిటైరయ్యాక మా ఆవిడ పుట్టినూరని బూర్గంపాడులో స్థిరపడ్డాను. ఇంటిపక్కన రేకుల షెడ్డు వేసుకుని నీళ్ల మోటార్లు, డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకు నేనూ, నాకు మా ఆవిడా అరగమని అర్థమైంది కాబట్టి. నాతోపాటు వర్క్‌షాపులో పనిచేసిన వెల్డరు ఒకడు సారపాకలో కొడుకు దగ్గర ఉండేవాడు. రోజూ బస్సెక్కి షెడ్డుకు వచ్చేవాడు. డంపర్ల మోతకు వాడి చెవులు ఏనాడో పోయాయి. మనకూ వినపడదనుకుని ఊరంతా వినేలా మాట్లాడతాడు. టీ పడందే టార్చి ముట్టుకోడు. అలాంటివాడు ఎండాకాలంలో ఒక పొద్దున, టీ సంగతి మరిచిపోయి, బయట నిలబడ్డ ఒకామెను నాకు చూపించాడు.

అడవి అంచున ఉన్న గూడెం నుంచి వచ్చిందామె. నలభై ఏళ్లుంటాయి. బడిలో పిల్లలకు అన్నం వండుతుంది. భర్త లారీ డ్రైవరు, పోయాడు. అప్పటినుంచి తండ్రి దగ్గరే ఉంటూ ఆయనతో కలిసి సేద్యం చేసింది. ఆయనా నిరుడు పోయాడు. ఒక్కతే సంతానం.

"మా నాయన బండి ఉంది మామా. అది నడవాలె," అంది.

బండి అంటే ట్రాక్టరు. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న ఒక రైతు దగ్గర వాళ్ల నాన్న ఎన్నో ఏళ్లు డ్రైవరుగా చేశాడు. ఆ రైతు కొత్త ట్రాక్టరు కొన్నప్పుడు పాతదాన్ని ఈయనకు ఇచ్చేశాడు. దానితోనే ఈయన తన పొలం దున్నుకున్నాడు, కూతురికి నడపడం నేర్పాడు. దానికి విడి సామాన్లు దొరకడం మానేశాక దాన్ని పాకలో పెట్టేశాడు. అలాంటివాటిని ఇప్పుడు నగరాల్లో హోటళ్ల ముందు రంగులేసి నిలబెడుతున్నారు, మీరు చూసే ఉంటారు.

ఎందుకు నడవాలో అడిగాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి. తండ్రి పోగానే చిన్నాయన పొలం తనదన్నాడు. పెళ్లిచేసి పంపిన పిల్లకు భూమేంటి, నాగలి పట్టే చెయ్యి లేని ఇంట్లో భూమి ఎట్లా నిలుస్తుంది అని పెద్దమనుషుల ముందు అడిగాడు. నాకు మా నాయన బండి ఉంది అంది ఈమె. అందరూ నవ్వారట. ఆ బండి సీటు మీద అప్పటికి కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఒక పెద్దాయన ఆ నవ్వులోనే తీర్పు చెప్పేశాడు. భూమి పండుగ మర్నాడు ఊరంతా తొలి దుక్కి దున్నుతారు కదా, ఆ రోజు ఆ బండి పొద్దుగూకేలోగా ఎంత దున్నితే అంత ఆమెది, మిగిలింది చిన్నాయనది అని. వేళాకోళానికి అన్న మాటే. కానీ పదిమందిలో అన్నాక అది మాటే.

కోర్టుకు పో, భద్రాచలంలో గిరిజనుల ఆఫీసుంది, అక్కడ చెప్పుకో అని నేను పట్నం తెలివి చూపించాను. పోయి వచ్చిందట. కోర్టు తీర్పు వచ్చేదాకా బతికినా, తీర్పు పట్టుకుని మళ్లీ ఆ గూడెంలోనే కదా బతకాలి అంది. కిరాయికి ట్రాక్టరు పెట్టుకోమన్నాను. తగువులో ఉన్న నేలలోకి ఎవడూ బండి దించడట. దించినా తీర్పు ఆ బండికే గానీ కిరాయి బండికి కాదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. వెల్డరుకు ఈ మాటలు సగమే వినపడ్డాయి గానీ వాడు అప్పటికే సామాన్ల పెట్టె సర్దేశాడు.

పాకలో బండిని చూడగానే నాకు ఆశ చచ్చిపోయింది. టైర్లు నేలలో దిగబడి ఉన్నాయి. హ్యాండిలు పెట్టి ఇద్దరం వేలాడినా ఇంజను ఉలకలేదు. పిస్టన్లు తుప్పుతో వాటి చుట్టూ ఉండే లైనర్ల గొట్టాలకు అతుక్కుపోయాయనుకున్నాను. డీజిల్ పోసి నానబెట్టాం, చెక్కదిమ్మె పెట్టి కొట్టాం, తిట్టాం. చివరికి హెడ్డు విప్పి, వెల్డరు టార్చితో పైపైన వెచ్చచేశాడు. గుప్పున వాసన కొట్టింది. తుప్పు వాసన కాదది. చిన్నప్పుడు దీపాల్లో మండిన నూనె వాసన.

"ఇప్పనూనె," అన్నాను.

ఆమె అవునంది. భూమి పండుగనాడు నాగలికి, గొడ్డలికి, పారకు, ఇంట్లో ఉన్న ప్రతి ఇనుముకూ ఇప్పనూనె రాస్తారు. వాళ్ల నాన్న బండికీ రాసేవాడు. కానీ ఆయన డ్రైవరు కదా, ఇనుము అసలు ఎక్కడ అరుగుతుందో తెలుసు. అందుకని పైన రాసి ఊరుకోలేదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి ఆ బొక్కల్లోంచి పోసేవాడు. ఇంజనాయిలు పోసే చోటా పోసేవాడు. పాకలో పెట్టేశాక కూడా ఏటా పండుగకు పోస్తూనే వచ్చాడు. దానికీ పండుగే కదా అనేవాడట.

పిస్టన్లు ఊడి వచ్చాక చూస్తే లైనర్లు అద్దాల్లా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. ఏళ్ల తరబడి గడ్డకట్టిన ఆ నూనె వాటిని కాపాడింది. నా సర్వీసులో గోడౌన్లలో, గ్రీజు కాగితాల్లో చుట్టిపెట్టిన లైనర్లు కూడా అంత నిగనిగలాడటం చూడలేదు. వెల్డరు వేలితో తుడిచి, "మీ నాయన మంచి మెకానిక్కే బిడ్డా" అని అరిచాడు. గూడెం కుక్కలు లేచాయి. ఆమె మొహంలో మొదటిసారి వెలుగు చూశాను. ఆ వెలుగు చూడకుండా ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఆ తర్వాత ఇంజను అడుగున ఆయిలు నిలిచే సంపు విప్పాం. అడుగున నల్లబెల్లం పాకంలా పేరుకుని ఉంది. గీకి, డీజిల్‌తో కడిగి, ఆయిల్ పంపు జాలిని శుభ్రం చేశాం. అంతవరకు మన చేతిలో పని. కానీ పిస్టన్లు తిప్పే క్రాంకుషాఫ్టు లోపల ఆయిలు పారే సన్నటి దారులుంటాయి. వాటిలోకీ ఈ జిగురు పోయి ఉంటుంది. షాఫ్టు బయటికి తీస్తే తప్ప అవి శుభ్రం కావు. తీస్తే పాత బేరింగులు మళ్లీ కూర్చోవు. కొత్తవి ఖమ్మంలో అడిగాను, విజయవాడలో అడిగించాను, ఆ మోడలు పేరు చెబితే ఫోన్లోనే నవ్వారు. పండుగ దగ్గర పడుతోంది. వెల్డరూ నేనూ పాక బయట కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. తీస్తే పండుగనాటికి బండి నడవదు, తీయకపోతే ఎంతసేపు నడుస్తుందో తెలియదు. ఆమెకే చెప్పాం. ఆమె ఆలోచించను కూడా లేదు. తీయొద్దంది.

లారీ బ్యాటరీ ఒకటి అడుక్కొచ్చి తగిలించాం. సెల్ఫ్ కొట్టగానే పాకంతా తెల్లటి పొగ, ఇప్పనూనె వాసన, దగ్గులు. రెండుసార్లు తుమ్మి ఇంజను అందుకుంది. ఎన్నో ఏళ్లు మూగగా ఉన్న బండి ఒక్కసారి గొంతెత్తింది. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చూశారు. చిన్నాయన కూడా వచ్చాడు. పంచె చివర చేత్తో పట్టుకుని కాసేపు వింటూ నిలబడ్డాడు. "అన్న బండి సప్పుడే," అన్నాడు, ఎవరితోనో కాదు. తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన్ని దుర్మార్గుడని రాస్తే నాకు తేలిగ్గా ఉండేది. కానీ కాదు. ఇద్దరు కొడుకులున్నారు, ఇద్దరికీ చాలేంత నేల లేదు.

మా వర్క్‌షాపులో నాకు పని నేర్పిన ఫోర్‌మన్ ఒక మాట అనేవాడు. బరువు లాగించి చూడని ఇంజను బాగుపడ్డట్టు కాదని. నిలబడి నడిచినంతసేపు ప్రతి ఇంజనూ పెళ్లికొడుకే అనేవాడు. అందుకని బండిని పొలంలోకి దించి కాసేపు దున్నించి చూద్దామన్నాను. ఆమె నావైపు ఎట్లా చూసిందంటే, ఏదో బూతు మాట అన్నానేమో అనుకున్నాను. పండుగ కాకముందు ఆ గూడెంలో నేలలోకి ఇనుము దించరు. నేల ఇంకా నిద్రలో ఉంటుందట. దించితే తీర్పే పోతుంది. పోనీ అని ఒక ట్రాలీ సంపాదించి, రాళ్లు నింపి, రోడ్డు మీద అటూ ఇటూ తిప్పించాను. ఆయిల్ ప్రెజరు ముల్లు కదలకుండా నిలబడింది. రోడ్డు వేరు, దుక్కి వేరని నాకు తెలుసు. తెలిసి చేసేదేముంది.

ముల్లు ఎక్కడికి దిగితే ప్రమాదమో గేజి అద్దం మీద వెల్డరు గోళ్లరంగుతో ఎర్రగా గీత పెట్టాడు. గోళ్లరంగు కోడలిది, అడక్కుండా తెచ్చాడు. ముల్లు ఈ గీత దాటి దిగిందా, ఇక ఒక్క అడుగు కూడా వద్దు, వెంటనే ఆపెయ్ అని ఆమెతో ఒట్టు వేయించుకున్నంత పని చేశాను. సరేనని తలూపింది. ఆపితే తర్వాతైనా బేరింగులు వెతికి బాగుచేసుకోవచ్చు, ఆపకపోతే షాఫ్టు పోతుంది, ఇక అంతే అని కూడా చెప్పాను. దానికీ తలూపింది.

పండుగ మర్నాడు పొద్దున్నే పోయాం. రాత్రి పడ్డ జల్లుకు నేల తడిసి ఉంది. పొలం రోడ్డు వైపు నుంచి వాగు వైపుకు వాలుగా ఉంటుంది. రోడ్డు వైపుది నల్లరేగడి, బంగారంలాంటి నేల. వాగు వైపుది ఇసుక కలిసిన మెత్తటి నేల. గోదావరి పొంగితే వాగు వెనక్కి తన్ని ఆ ముక్కంతా మునుగుతుంది. కానీ ఆ ఊళ్లో తొలి సాలు ఎప్పుడూ నీళ్ల వైపు నుంచే వేస్తారు. వాళ్ల నాన్న అట్లాగే వేసేవాడు, ఆయన నాన్న ఎద్దులతో అట్లాగే వేసేవాడు. ఆమె కూడా బండిని తిన్నగా వాగు ఒడ్డుకు తీసుకుపోయింది. మెత్తటి నేల మొదట తగిలితే ఇంజనుకు సుఖం కదా అని నేను కూడా సంతోషించాను.

గొర్రు దించి మొదటి సాలు వేస్తుంటే గట్ల మీద ఊరు ఊరంతా నిలబడి ఉంది. చిన్నాయన, ఆయన కొడుకులు, నవ్వులో తీర్పు చెప్పిన ఆ పెద్దాయన. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఆమె చీర కొంగు నడుముకు బిగించి, వెనక్కి చూసి సాలు సరిచూసుకుంటూ, వాగు వెంబడి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పుతూ పైకి ఎక్కుతోంది. సాళ్లు గీత గీసినట్టు పడుతున్నాయి. కొంగలు బండి వెనకాలే దిగాయి. నేను గట్టు మీద బండితో సమానంగా నడుస్తున్నాను. చెప్పకూడదు గానీ, ఆ కాసేపు గర్వంగా ఉంది.

మెత్తటి నేల అయిపోయి రేగడి మొదలైంది. ఇంజను మీద బరువు పడింది. మంచి వేడి మీద ఉంది. అప్పుడు మోతలో సన్నటి తేడా వచ్చింది. మీకు చెప్పినా అర్థం కాదు. కుండలో గులకరాయి పడ్డట్టు ఉంటుంది. లోపల ఎన్నాళ్లుగానో అంటుకుని ఉన్న జిగురు వేడికి కరిగి ఊడి, ఆయిలు దారికి అడ్డం పడింది. చెవులు లేని వెల్డరుకు కూడా అది కాళ్లకు తెలిసినట్టుంది, అవతలి గట్టు నుంచి ఇటు పరుగెత్తుకొస్తున్నాడు. నేను చేతులు అడ్డంగా ఊపాను, ఆపమని. ఆమె గేజి వైపు చూసింది. ముల్లును చూసింది, నాకు తెలుసు. తర్వాత నావైపు చూసింది. తర్వాత మొహం ముందుకు తిప్పుకుంది.

నేను సాళ్లలో పడుతూ లేస్తూ పరుగెత్తి బండిని అందుకున్నాను. ఇంజను ఆపే రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటుంది. దాని మీద చెయ్యి వేశాను. లాగితే చాలు. ఆమె గేరు తీయలేదు, వేగం తగ్గించలేదు. నా కళ్లలోకి చూసి, గొంతు పెంచకుండా అంది.

"చెయ్యి తియ్యి మామా."

యంత్రాన్ని కాపాడటమే నాకు వచ్చిన పని. ముప్పై ఏళ్ల పైచిలుకు అదే చేశాను. ముందు మిషను ఆపు, తర్వాత మాట్లాడు అని ఎంతమంది డ్రైవర్లను తిట్టానో లెక్కలేదు. ఇప్పుడు ఆపితే బండి బతుకుతుంది. కానీ ఆపిన చోటే ఆమె భూమి ఆగిపోతుంది. ఆపకపోతే ఇంకొక సాలు, అదృష్టం ఉంటే రెండు. ఆమె ఆ లెక్క వేసుకునే ఉంది. నేను చెయ్యి తీశాను.

ఇంకో మలుపు తిరిగింది. ఆ సాలు సగంలో ఉండగా లోపల ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడైంది. వెనక చక్రాలు బిగుసుకుని, బండి ముక్కు నేలకు వంచి ఆగిపోయింది. పొగ కూడా రాలేదు. ఆమె సెల్ఫ్ కొట్టి చూసింది. టిక్కుమంది, అంతే. ఇంకోసారి కొట్టింది. నేను వద్దనలేదు. కొట్టుకోనిచ్చాను.

చివరికి చిన్నాయన గట్టు దిగి వచ్చాడు. ఒక కర్ర తెచ్చి బండి ముందు చక్రం పక్కన నేలలో గుచ్చాడు. పెద్దాయన "ఇక్కడిదాంక" అన్నాడు. అంతటితో తీర్పు అమలైపోయింది. పొద్దు ఇంకా నడినెత్తికి కూడా రాలేదు. ఆమెకు దక్కింది వాగు పక్కన మునిగే ముక్క, పైన రేగడిలో పేలికంత అంచు. రోడ్డు వైపు బంగారమంతా చిన్నాయనకు పోయింది. వెల్డరు బండి చక్రానికి ఆనుకుని కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వాడికి వినపడదు కదా, ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో వాడికే తెలియదు. ఆమె ఏడవలేదు. మాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇక్కడితో ఆపేసినా బాగుండేది. కానీ నాలాంటివాళ్లు ఊరుకోరు. ఆ బండికి క్రాంకుషాఫ్టు కోసం వానాకాలమంతా తిరిగాను. పాత ఇనుము అంగళ్లు, మూతపడ్డ షెడ్లు. చివరికి ఒక స్క్రాపు కొట్టులో, కుప్ప అడుగున, అదే మోడలుది దొరికింది. చేతికి తగలగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ కబురు చెబుదామని వెల్డరును వెంటబెట్టుకుని గూడెం పోయాను. వచ్చే ఏడు పండుగకు మీ నాయన బండి మళ్లీ నడుస్తుంది బిడ్డా అని చెప్పాను.

ఆమె మమ్మల్ని పొలానికి తీసుకుపోయింది. బండి ఆగిన చోట లేదు. కిందికి, వాగు వైపుకు జరిగి ఉంది. పెద్దగా కాదు, ఒక మనిషి చెయ్యి చాపినంత. చిన్నాయన కొడుకులు రాత్రిళ్లు కొంచెం కొంచెం నెడుతున్నారట. వాలు కదా, గేరు తీసి, స్టీరింగు కిందికి తిప్పి నలుగురు నెడితే కదులుతుంది. కర్ర ఏనాడో పోయింది. ఇప్పుడు హద్దు అంటే బండే. బండి ఎక్కడుంటే అక్కడిదాకా. పెద్దమనుషుల్ని అడిగితే, బండి దగ్గరే కదా హద్దు అన్నాం, బండి చూసుకో అన్నారట. రాళ్లు పాతుకోమన్నాను. రాయైతే ఒక్కడు చాలు, ఇంకా అల్కగ జరుగుతుంది అంది.

"బాగుచేసుడు వద్దు మామా. నడిస్తే జరుగుతది. మళ్ల కదలకుంట చెయ్యి."

నేను వెల్డరు వైపు చూశాను. వాడికి ఈసారి అంతా వినపడినట్టుంది. ఇరుసును దాని పెట్టెకు కలిపి అతికిస్తే ఇక ఈ జన్మలో ఈ బండి నడవదని నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. వాడు అంత చిన్నగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. నాకు తెలుసన్నాను. సారపాక నుంచి జనరేటరు, వెల్డింగు మిషను ఆటోలో తెప్పించాం. బండిని ముందు మళ్లీ పైకి, ఆగిన చోటికి తోశాం. ఆమె కూడా తోసింది. గీత ఎక్కడుందో ఆమెకు తెలుసు, ఇంకా తోస్తే పైకి పోయేదే, కానీ సరిగ్గా అక్కడ చాలంది. తర్వాత వెనక చక్రాలు రెండూ, ముందు చక్రాలు రెండూ, ఏ భాగం తిరగగలదో ఆ భాగమల్లా వాడు అతికిస్తూ పోయాడు, నేను చూపిస్తూ పోయాను. ఎక్కడ అతికిస్తే ఇక ఊడదో నాకంటే బాగా ఎవరికి తెలుసు. జీవితమంతా కదలనివాటిని కదిలించడానికి నేర్చుకున్న విద్య అది.

అయిపోయాక ఆమె చేతులతో నెట్టింది. తర్వాత భుజం పెట్టి నెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, కాళ్లు నేలలో తన్నిపెట్టి, వీపుతో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నెట్టింది. బండి ఇసుమంత కూడా కదల్లేదు. ఊపిరి అందక బండికే ఆనుకుని నిలబడి నావైపు చూసి నవ్వింది. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పని చూసి అంత తృప్తిపడ్డ మనిషిని ఇంకొకర్ని చూడలేదు.